పాత కంకరకు దాహమెక్కువ



ఈ వారం వంట గురించో, పిల్లల చదువు గురించో కాక కంకర గురించి మాట్లాడబోతున్నానంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. కంకర, సిమెంటు మన విషయాలా అనిపించవచ్చు. కానీ ఇల్లు కట్టేటప్పుడు మగవాళ్ళు పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోతే, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని పని దగ్గర నిలబడేదెవరు? బేల్దారి మేస్త్రీకి టీ అందించి, బస్తాలు లెక్కబెట్టి, సాయంత్రం గోడలకు నీళ్ళు కొట్టేదెవరు? రేపు ఆ ఇంటి కప్పు కింద పిల్లల్ని పడుకోబెట్టేది కూడా మనమే కదా! అందుచేత ఇది మన విషయమే.

మా ఇల్లు పాకాలలో. మా మామగారు రైల్వేలో పనిచేస్తూ, ఉన్న పాత మిద్దెకు ముందువైపు 1978లో రెండు గదులు వేయించి స్లాబు పోయించారు. అప్పట్లో మా వీధిలో స్లాబు ఇళ్ళు తక్కువే. అది తడపడానికి మా అత్తయ్య బావినుంచి బిందెలతో నీళ్ళు మోసిందట. "పధ్నాలుగు రోజులు నా నడుం నాది కాదు" అని ఇప్పటికీ చెబుతుంది. అలాంటి స్లాబులో లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బిపోయింది. పెచ్చులు రాలడం మొదలయింది. ఒకసారి చిన్నవాడి మంచం మీదే ఒక పెచ్చు పడింది. వాడు అప్పుడు బడిలో ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఇక లాభం లేదని పోయిన ఏడాది దాన్ని పగలగొట్టించి కొత్తది వేయించాలనుకున్నాం.

పగలగొట్టడం మొదలయ్యాక ఇంటి ముందు గుట్ట పడింది. సుమారు 600 చదరపు అడుగుల స్లాబు, మందం అయిదంగుళాలు. లెక్కవేస్తే ఒక్క స్లాబే దగ్గర దగ్గర 17 టన్నులు తూగుతుంది. గోడల ఇటుకలు దానికి అదనం. ఇంత గుట్టను ఏం చేయాలి? నాకు రెండు సలహాలు వచ్చాయి.

ట్రాక్టరతను అన్నాడు: "ఏముందిమ్మా, రాత్రికి తోలుకుపోయి వంకలో పోసేస్తాం. ఎవరూ అడగరు."

మేస్త్రీ అన్నాడు: "వంకలో ఎందుకు పోయాల? కొత్త కంకరకు దుడ్డు దండగ. దీన్నే సుత్తితో కొట్టించి మళ్ళీ స్లాబులో వేసేస్తే పోలా? రాయి రాయే గదమ్మా!"

ఒకరు అంతా పారేద్దామంటారు, ఇంకొకరు అంతా వాడేద్దామంటారు. రెండూ తప్పేనని నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది. ఆ తెలిసిన సంగతే మీకు చెబుతాను.

ముందు వంక సంగతి. స్వర్ణముఖి నది మా పాకాల దగ్గరి కొండల్లోనే పుడుతుంది. ఇక్కడినుంచి చంద్రగిరి మీదుగా, తిరుచానూరు పక్కనుంచి, శ్రీకాళహస్తి గుడిని ఒరుసుకుంటూ పోయి నాయుడుపేట దాటి సముద్రంలో కలుస్తుంది. మా ఊరి చుట్టూ ఉన్న చిన్నచిన్న వంకలు చెరువులు నింపేవీ, ఏటికి నీళ్ళు మోసేవీ. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటాయి కాబట్టి చెత్త పోయడానికి పనికొచ్చే గుంతల్లా కనబడతాయి. కానీ 2021 నవంబరులో ఏం జరిగిందో మన జిల్లావాళ్ళెవరూ మరచిపోలేదు. వానలకు స్వర్ణముఖి పొంగి తిరుపతి చుట్టుపక్కల ఇళ్ళూ, రోడ్లూ, వంతెనలూ దెబ్బతిన్నాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. నీళ్ళకు దారి లేకపోతే అవి మన ఇళ్ళలోంచే దారి చేసుకుంటాయి. ట్రాక్టరు శిథిలాలు పోసి ఆ దారిని మూసేది మనమే అయితే, తరువాత వాననని ఏం లాభం? అందుకని ట్రాక్టరతనికి వద్దని చెప్పాను.

ఇక మేస్త్రీ మాట. రాయి రాయేనా? ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నదాన్ని. నాలుగేళ్ళ కిందట స్నానాలగది పగలగొట్టినప్పుడు వచ్చిన ముక్కల్ని, అప్పుడు పనిచేసిన మేస్త్రీ పొడిపొడిగా అలాగే కలిపి, పెరట్లో గిన్నెలు తోముకునే చోట కాంక్రీటు వేశాడు. కలిపేటప్పుడు మాల్ గట్టిపడిపోతోందని ఒక బక్కెట్టు, ఇంకా గట్టిగా ఉందని మరో బక్కెట్టు నీళ్ళు పోశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నాకు తెలియక ఊరుకున్నాను. ఆ వేసవి దాటేసరికి పగుళ్ళు వచ్చాయి. చీపురుతో ఊడిస్తే తెల్లటి పొడి లేచేది. గిన్నెలు తోముకునే చోటు కాబట్టి సరే, అదే తలమీది కప్పు అయితే?

మా ఆడపడుచు కొడుకు తిరుపతిలో ఇంజనీరు. వాణ్ణి పిలిచి అడిగాను. "అత్తా, పాత కాంక్రీటు ముక్క కొత్త కంకరలా కనబడుతుంది గానీ రెండూ ఒకటి కావు" అంటూ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నేను చదివింది పదో తరగతి వరకే. నాకు అర్థమైందంటే మీకందరికీ అర్థమవుతుంది.

కాంక్రీటు అంటే ఏమిటి? సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు. ఇందులో ఇసుకా కంకరా కలిపి పరిమాణంలో నూటికి అరవై నుంచి డెబ్బయి అయిదు పాళ్ళు ఉంటాయి. సిమెంటూ నీళ్ళూ కలిసిన ముద్ద వాటిని పట్టి ఉంచుతుంది. పాత కాంక్రీటును పగలగొడితే ఒట్టి రాయి విడిగా రాదు. రాయిని చుట్టుకుని పాత సిమెంటు ఇసుక పూత అలాగే ఉంటుంది. మనం పల్లీ పకోడీ చేస్తాం కదా, అలా అన్నమాట. లోపల గింజ గట్టిగానే ఉంటుంది. పైన శనగపిండి పూత మాత్రం గుల్లగా, సందులు సందులుగా ఉంటుంది. పాత కంకరలో ఈ పూత నూటికి పాతిక నుంచి నలభై పాళ్ళ దాకా ఉండవచ్చు. ముక్క చిన్నదయ్యేకొద్దీ పూత పాలు పెరుగుతుంది.

ఈ పూతవల్ల వచ్చే మొదటి గుణం దాహం. దీన్ని నేనే ఇంట్లో చూశాను, మీరూ చూడవచ్చు. కొత్త నల్లరాతి కంకర, పాత స్లాబు ముక్కలు, పాత ఇటుక ముక్కలు మూడూ రెండు రోజులు ఎండబెట్టి, వంటింటి త్రాసులో కిలో చొప్పున తూచాను. మూడింటినీ వేరు వేరు బక్కెట్లలో ఒక రోజంతా నానబెట్టాను. మరునాడు తీసి, పైతడి పాతగుడ్డతో తుడిచి మళ్ళీ తూచాను. కొత్త కంకర ఒక కిలో ఏడు గ్రాములయింది. పాత స్లాబు ముక్కలు ఒక కిలో యాభై ఎనిమిది గ్రాములు. ఇటుక ముక్కలు ఏకంగా ఒక కిలో నూట యాభై గ్రాములు! అంటే కొత్తరాయి నూటికి ఒక పాలు కూడా తాగలేదు. పాత స్లాబు ముక్క ఆరు పాళ్ళు తాగింది. ఇటుక పదిహేను పాళ్ళు తాగింది. బియ్యానికీ బొరుగులకూ ఉన్నంత తేడా ఉంది చూడండి. ఉగ్గాణికి బొరుగులు నీళ్ళలో వేసి తీసేలోగానే పీల్చేస్తాయి కదా! పాత కంకర కూడా అంతే. తాగేదాంట్లో చాలా భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే తాగేస్తుంది.

ఈ దాహం వల్ల ఏమవుతుందో లెక్క చూద్దాం. ఒకటి, రెండు, నాలుగు పాళ్ళ కాంక్రీటులో ఒక బస్తా సిమెంటుకు సుమారు రెండు వందల పది కిలోల కంకర పడుతుంది. నీళ్ళు ముప్పై లీటర్లకు కాస్త పైన. కంకర అంతా పాతదే వేసి, అది నూటికి అయిదు పాళ్ళు తాగేదయితే, దాదాపు పది లీటర్ల నీళ్ళు కంకరే మింగేస్తుంది! సిమెంటుకు దక్కవలసిన నీళ్ళలో మూడో వంతు పోయినట్టే. మాల్ గట్టిపడుతుంది, పార కదలదు. అప్పుడు మేస్త్రీ ఇంకో బక్కెట్టు పోస్తాడు. లెక్కలేకుండా పోసిన ఆ నీళ్ళలో కంకర తాగగా మిగిలినవి సిమెంటును పలచన చేస్తాయి. అవి ఆవిరయి పోయాక వాటి చోట సన్నని బొరియలు మిగులుతాయి. చారులో చింతపండు పులుసు ఎంతో అంతే ఉంచి, నీళ్ళు మాత్రం చెంబులకొద్దీ పోస్తే రుచి ఏమవుతుందో, కాంక్రీటు బలం కూడా అలాగే అవుతుంది. మా పెరట్లో జరిగింది ఇదే.

రెండో గుణం బలం. ఇక్కడ అనవసరంగా భయపడనక్కరలేదు. కంకరలో అయిదో వంతో, నాలుగో వంతో పాతది కలిపి, దాహం తీర్చి, కొలత ప్రకారం వేస్తే బలంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మొత్తం పాతదే వేస్తే మాత్రం నూటికి పది నుంచి పాతిక పాళ్ళ దాకా బలం తగ్గవచ్చు. ఎందుకంటే బరువు పడినప్పుడు పగులు ఎప్పుడూ బలహీనమైన చోటే వెతుక్కుంటుంది. కొత్త కాంక్రీటులో రాయికీ సిమెంటుకీ మధ్య అతుకు ఒక్కటే ఉంటుంది. పాత కంకర వేసిన దాంట్లో రాయికీ పాత పూతకూ మధ్య ఒకటి, పాత పూతకూ కొత్త సిమెంటుకూ మధ్య ఇంకొకటి, రెండు అతుకులుంటాయి. అతుకులెక్కువైన చీర ఎక్కడ చిరుగుతుందో మనకు తెలియనిదా?

మూడో గుణం వంగడం, కుంచించుకుపోవడం. ఇది బలం కంటే ముఖ్యమైన సంగతి, మేస్త్రీలు చెప్పని సంగతి కూడా. పాత కంకర కాంక్రీటు బరువుకు కొత్తదానికంటే ఎక్కువ వంగుతుంది. ఏళ్ళ తరబడి బరువు మీద ఉంటే ఇంకా సాగుతుంది. ఆరేటప్పుడు కూడా ఎక్కువ కుంచించుకుపోతుంది. మొత్తం పాత కంకరే అయితే ఈ కుంచింపు మామూలుకంటే ఒకటిన్నర రెట్ల దాకా ఉండవచ్చు. కుంచించుకుంటే పగుళ్ళు, పగుళ్ళలోంచి తేమ, తేమతో ఇనుముకు తుప్పు. మా పాత స్లాబును చంపిన జబ్బే మళ్ళీ కొత్త స్లాబుకు అంటించినట్టవుతుంది. నేల అయితే కింద భూమి మోస్తుంది. గాలిలో నిలబడే స్లాబును ఎవరు మోస్తారు?

అందుకే దీనికి దేశంలో ఒక కట్టుబాటు ఉంది. కంకర, ఇసుకల గురించి భారతీయ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 383 అనే ప్రమాణాన్ని 2016లో సవరించినప్పుడు, పాత కంకరకు కూడా చోటిచ్చారు. అందులో శిథిలాలను రెండు జాతులుగా విడదీశారు. ఒకటి, ఒట్టి కాంక్రీటును పగలగొట్టి చేసిన కంకర. రెండోది, ఇటుక, గచ్చు, పలకలు అన్నీ కలిసిన శిథిలాల కంకర. మొదటి జాతిని ఇనుములేని కాంక్రీటులో నూటికి 25 పాళ్ళ వరకు, ఇనుము వేసిన కాంక్రీటులో 20 పాళ్ళ వరకు వాడవచ్చు. ఆ ఇరవై కూడా ఎం 25 రకం వరకే, అంతకన్నా బలమైన రకాల్లో కాదు. రెండో జాతిని, అంటే ఇటుక ముక్కలు కలిసినదాన్ని, ఇనుము వేసిన కాంక్రీటులోనూ, మామూలు కాంక్రీటులోనూ వేయనేకూడదు. ఎం 15 కంటే తక్కువ రకం పేద కాంక్రీటులో మాత్రం రెండు జాతులనూ నూటికి నూరు పాళ్ళూ వాడుకోవచ్చు. నేల కింద వేసే ఒకటి, నాలుగు, ఎనిమిది పాళ్ళ కాంక్రీటు, పునాది కింద పరిచే పొర, ఇలాంటివన్నీ ఈ రకమే. ఇంకో మాట కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. పాత కంకర నూటికి పది పాళ్ళ వరకు నీళ్ళు తాగేదయినా ఫరవాలేదు గానీ, కలపడానికి ముందు దాన్ని తడిపి తీరాలి. మా పెరటి కాంక్రీటు వేసేనాటికే ఈ మాట అచ్చయి ఉంది. మాకే తెలియలేదు.

మరి ఇనుము వేసిన దాంట్లో ఇరవై పాళ్ళు వేయవచ్చన్నారు కదా, స్లాబులో కొంత వేసుకుందామా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. ఆ ఇరవై పాళ్ళు ప్లాంటులో మరపట్టి, జల్లించి, కడిగి, పరీక్ష చేసిన కంకరకు చెప్పిన మాట. ఇంటి ముందు సుత్తితో కొట్టిన ముక్కలకు కాదు. ఏ ముక్క ఎంత తాగుతుందో, ఏ ముక్కలో ఏమి కలిసిందో ఇంటి దగ్గర చెప్పలేం. కాబట్టి ఇంట్లో కొట్టించిన కంకర స్లాబులోకి, దూలాల్లోకి, స్తంభాల్లోకి వద్దు. మేస్త్రీ ఎంత నచ్చజెప్పినా సరే, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఇటుక ముక్కలు పనికిరావన్నారని మన పెద్దల్ని తప్పుపట్టకండి సుమా! మా వెనుకవైపు పాత మిద్దె చూడండి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పరిచి, కొయ్యలతో కొట్టి కొట్టి గట్టిచేశారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చల్లేవారట. దాన్నే మద్రాసు టెరస్సు అంటారు. విరిగిన ఇటుకే అక్కడ కంకర. కానీ గమనించండి, ఆ మిద్దెలో ఇనుప కమ్మీ లేదు, బరువు మోసేది దూలాలు. సున్నం మెల్లగా ఆరుతుంది కాబట్టి ఇటుక దాహం దానికి అంతగా చేటు చేయదు. ఇటుక ముక్కను దాని చోట దాన్ని ఉంచారు వాళ్ళు. మనం ఆ చోటు మరచిపోయి అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

శిథిలాల్ని మళ్ళీ వాడుకోవడం పేదరికమో పిసినారితనమో అనుకునేవాళ్ళకు జర్మనీ సంగతి చెప్పాలి. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అక్కడి నగరాలు గుట్టలుగా మిగిలాయి. ఆ దేశం మొత్తంలో శిథిలాలు 40 కోట్ల ఘనపు మీటర్లని అంచనా. మగవాళ్ళలో ఎందరో చనిపోయారు, ఎందరో ఖైదులో ఉన్నారు. బెర్లిన్ వంటి నగరాల్లో వేలమంది స్త్రీలు తలకు గుడ్డలు కట్టుకుని, వరసగా నిలబడి, బక్కెట్లు చేతులు మార్చుకుంటూ ఆ గుట్టల్ని ఎత్తారు. ఒక్కొక్క ఇటుకకూ అంటిన గచ్చును సుత్తితో గీకి పేర్చారు. వాళ్ళకు 'శిథిలాల స్త్రీలు' అనే పేరే వచ్చింది. విరిగిన ఇటుకల్ని మరపట్టి కాంక్రీటుకు కంకరగా వాడారు. అలాంటి కాంక్రీటుకు 1951లో ఆ దేశంలో ప్రమాణం కూడా రాశారు. గుట్ట ముందు నిలబడి దిగులుపడుతున్నప్పుడు నాకు ఆ స్త్రీలే గుర్తొచ్చారు.

మన దేశంలో కూడా ఈ పని మొదలయింది. 2009లో ఢిల్లీలోని బురాడీలో శిథిలాలను కంకరగా మార్చే ప్లాంటు పెట్టారు. హైదరాబాదు జీడిమెట్లలో 2020 నవంబరులో రోజుకు 500 టన్నులు మరపట్టే ప్లాంటు ప్రారంభమయింది. మన తిరుపతి నగరపాలక సంస్థ కూడా తూకివాకం దగ్గర ఇలాంటి ప్లాంటు పెట్టింది. అయినా చేయవలసింది కొండంత ఉంది. దేశంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల కట్టడాల శిథిలాలు వస్తాయని అంచనా. అందులో నూటికి ఒక పాలు మాత్రమే మళ్ళీ వాడుకలోకి వస్తోందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 2020లో చెప్పారు. మిగిలిన తొంభై తొమ్మిది పాళ్ళూ చెరువుల్లో, వంకల్లో, రోడ్ల పక్కన. 2016లో కేంద్రం దీనికోసం విడిగా నియమాలు తెచ్చింది. వాటి స్థానంలో 2025లో కొత్త నియమాలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. కొత్త నియమాల పెద్ద బాధ్యతలన్నీ 20 వేల చదరపు మీటర్లు దాటిన పెద్ద కట్టడాల మీదే. మన రెండు గదుల ఇంటికి మన ఇంగితమే నియమం.

ఇక మీ ఇంట్లో పాత కట్టడం పగలగొట్టవలసి వస్తే ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదటిది, పగలగొట్టేటప్పుడే వేరు చేయించండి. స్లాబు ముక్కలు ఒక కుప్ప, ఇటుకలు ఒక కుప్ప, మట్టి, చెక్క, గాజు మరో కుప్ప. బియ్యంలో రాళ్ళు కలిపాక ఏరడం కష్టం, కలవకముందే సులువు. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ సీలింగు ముక్కల్ని కంకరలో అసలు కలవనీయకండి. అందులోని గంధకపు ఉప్పు సిమెంటుతో కలిసి మెల్లమెల్లగా ఉబ్బి కాంక్రీటును లోపలినుంచే చీలుస్తుంది. రంగు పెచ్చులు, ప్లాస్టిక్కు కూడా తీసేయాలి. ఆస్బెస్టాసు రేకులుంటే వాటిని పగలగొట్టనే కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. రేకు రేకుగా విప్పించి విడిగా పెట్టించండి.

రెండోది, కొట్టేముందు నీళ్ళు చల్లించండి, కూలివాళ్ళను ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి. కాంక్రీటు దుమ్ము కూడా మంచిది కాదు. వాళ్ళూ మన ఇంటికోసం వచ్చిన బిడ్డలే.

మూడోది, జల్లెడ పట్టించండి. మెత్తటి పొడి, ఇసుకంత నలుసులు కాంక్రీటులోకి వద్దు. పూత ఎక్కువగా ఉండేది వాటిలోనే, ఎక్కువ నీళ్ళు తాగేదీ అవే. ఆ పొడిని గుంతలు పూడ్చడానికి వాడుకోండి.

నాలుగోది, నానబెట్టండి. ముందురోజు సాయంత్రమే కంకర కుప్పను బాగా తడిపి, గోనెపట్టాలు కప్పి ఉంచండి. పొద్దున కలిపేసరికి లోపల దాహం తీరి ఉండాలి, పైన మాత్రం నీళ్ళు కారకూడదు. నానబెట్టి వడగట్టిన పప్పులా ఉండాలన్నమాట. అప్పుడిక ఎక్కువ బక్కెట్టు అడగదు.

అయిదోది, నీళ్ళు రెండు దఫాలుగా పోయించండి. ముందు కంకర, ఇసుక కలిపి సగం నీళ్ళు పోసి తిప్పాలి. తరువాత సిమెంటు వేసి తిప్పి, ఆఖరున మిగిలిన నీళ్ళు పోయాలి. సిమెంటు పలచని ముద్దగా ముందే పాత పూత సందుల్లోకి దూరి వాటిని మూస్తుంది, అతుకు గట్టిపడుతుంది. 2005లో హాంకాంగులోని పరిశోధకులు దీన్ని పరీక్షించి చూపించారు. ఖర్చేమీ లేని ఉపాయం.

ఆరోది, తడపండి. పది పధ్నాలుగు రోజులు ఆరనీయకండి. కుంచించుకుపోయే గుణం ఎక్కువని చెప్పాను కదా, ఎండకు తొందరగా ఆరితే పగులుతుంది. పాత కంకర కాంక్రీటుకు ఇది రెండింతలు ముఖ్యం.

చివరిగా మేమేం చేశామో చెబుతాను. స్లాబుకు, దూలాలకు కొత్త కంకరే కొన్నాం. ఆ ఖర్చుకు నేను వెనకాడలేదు. పాత స్లాబు ముక్కల్ని కొట్టించి, జల్లించి, నానబెట్టి, రెండు గదుల నేల కింద ఒకటి, నాలుగు, ఎనిమిది పాళ్ళలో వేయించాం. వాకిట్లో బండ్లు నిలిపేచోట కింది పొరకూ అదే. మంచి ఇటుకలు గీకించి ప్రహరీగోడకు వాడాం. విరిగిన ఇటుకలు వాకిలి ఎత్తు చేయడానికి సరిపోయాయి. పాత కమ్మీలు పాత ఇనుము కొనేవాడు తీసుకుపోయాడు. వంకలోకి ఒక్క తట్ట కూడా పోలేదు. పెరట్లో పగిలిన ఆ గిన్నెల చోటు కూడా తవ్వించి మళ్ళీ వేయించాం, ఈసారి నానబెట్టిన కంకరతో. ఒక వేసవి గడిచింది. ఊడిస్తే పొడి లేవడం లేదు.

మేస్త్రీ మొదట సణిగాడు. "కంకరకు నానబెట్టడమేందమ్మా, అదేమన్నా శనగలా?" అన్నాడు. నేను బక్కెట్లు చూపించి, తూచి చూపించాను. రెండోసారి ఆయనే త్రాసు పట్టుకుని చూశాడు. ఇప్పుడు ఇంకో ఇంటి దగ్గర ఆయనే కుప్ప మీద గోనెపట్టాలు కప్పిస్తున్నాడని విన్నాను.

నేల వేసిన మరునాడు మా అత్తయ్య చిన్న చెంబుతో నీళ్ళు తెచ్చి గది మూలన పోసింది. మోటారు ఉంది, గొట్టం ఉంది, నీకెందుకమ్మా శ్రమ అన్నాను. "మీ మామగారి స్లాబు ఇక్కడే ఉంది కదే, తడపనీ" అంది. నేను గొట్టం పక్కన పెట్టి ఇంకో చెంబు తెచ్చి ఇచ్చాను.

వచ్చే వారం వాననీళ్ళు ఇంటి బావిలోకి మళ్ళించుకోవడం గురించి చెప్పుకుందాం. అంతవరకు సెలవు. నమస్కారం.